పొద్దు పోవడం లేదు, పని ముట్టబుద్ధి కావడం లేదు

పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక పట్టణం నుంచి ఒక పెద్దాయన నాలుగు ఠావుల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. క్లుప్తంగా అందులో ఉన్నది ఇది.

ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా చేసి, 62 నిండాక రిటైరయ్యారు. 14 నెలలైంది. సర్వీసు 36 ఏళ్లు. సొంత ఇల్లుంది, పింఛనుంది, అప్పుల్లేవు. అబ్బాయి బెంగళూరులో, అమ్మాయి డాలస్‌లో ఉన్నారు. "చెప్పుకోదగ్గ కష్టం ఒక్కటీ లేదు, చెప్పుకుంటే నవ్వుతారు" అని ఆయనే రాశారు. పొద్దున ఎనిమిదికి లేస్తారు. రెండు పేపర్లు చదువుతారు, టీవీ ముందు కూర్చుంటారు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా నిద్ర. సాయంత్రం ఫోను, ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా టీవీ చర్చలు. రాత్రి నిద్ర పట్టదు, రెండింటిదాకా యూట్యూబ్. ఏడాదిలో ఆరు కిలోలు పెరిగారు. రెండు మూడు నెలల సగటు షుగరు చూపే హెచ్‌బీఏ1సీ 6.9 నుంచి 7.8కి వెళ్లింది. షుగరుకు తొమ్మిదేళ్లుగా మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన బిళ్ల వాడుతున్నారు.

ప్రయత్నం చెయ్యలేదని కాదు. మొదటి రోజే ఐదు కిలోమీటర్లు నడిచారు, ఆరో రోజుకు మోకాలు పట్టేసింది. మార్చి చివర్లో మేడ మీద 25 గ్రో బ్యాగులు పెట్టారు, మేలో ఎండిపోయాయి. హార్మోనియం కొన్నారు, మూడు క్లాసులకు వెళ్లారు. కాలనీ సంఘానికి కార్యదర్శి అయ్యారు, వాటర్ ట్యాంకు లెక్కల దగ్గర మాటామాటా పెరిగి రెండు నెలల్లో రాజీనామా చేశారు. ఇష్టంగా వినే పాత పాటలు కూడా ఈ మధ్య వినబుద్ధి కావడం లేదట.

ఆయనను కలవరపెట్టింది గత నెల జరిగిన సంగతి. ఆయన మాటల్లోనే: "మా ఆవిడకు మూడు రోజులు జ్వరం. అన్నం వండుదామని వంటింట్లోకి వెళ్లాను. బియ్యం డబ్బా దొరికింది. నీళ్లు ఎన్ని పొయ్యాలో తెలియక మంచం దగ్గరికి వెళ్లి అడిగాను. కందిపప్పు ఎక్కడుందని మళ్లీ వెళ్లాను. మూడోసారి వెళ్లేసరికి తనే లేచి, గోడ పట్టుకుని వచ్చి పొయ్యి వెలిగించింది. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఎవరికీ పనికిరాని మనిషినైపోయాను. నేను సోమరిపోతునా? ఏదైనా వ్యాపకం చెప్పండి."

అయ్యా,

సోమరిపోతు పని ఎగ్గొట్టి హాయిగా ఉంటాడు. మీకు ఆ హాయి లేదు. ఏడాదిలో నాలుగు పనులు మొదలుపెట్టి నాలుగూ వదిలేసి, వదిలేసినందుకు సిగ్గుపడుతున్నారు. దీనికి వేరే పేరు వెతకాలి.

36 ఏళ్లపాటు పొద్దున పదిన్నరయ్యేసరికి మీ బల్ల దగ్గర ఎవరో ఒకరు నిలబడి ఉండేవారు. ఒకరి ఇంక్రిమెంటు, ఒకరి మెడికల్ బిల్లు, ఒకరి సర్వీసు రిజిస్టరు. మీరు సెలవు పెడితే ఆ కాగితం ఆగేది. ఆ పని మీకు ఇష్టమా, విసుగా అని ఎవరూ అడగలేదు, మీరూ అడుక్కోలేదు. ఎవరో ఎదురుచూస్తున్నారు కాబట్టి లేచి వెళ్లారు. ఇప్పుడు మీ రోజులో మీరు లేకపోతే ఆగిపోయే పని ఒక్కటి కూడా లేదు. చిక్కంతా అక్కడుంది. మీరు ఎంచుకున్న నాలుగింటిలో మూడు అలాంటివే చూడండి. మీరు నడవకపోతే రోడ్డు అడగదు. హార్మోనియం అడగదు. గ్రో బ్యాగుల్లో ఉన్న మొక్కలు అడుగుతాయి గానీ వాటి మాట మేలో ఎండిపోయాక గాని వినపడదు. నాలుగోది, సంఘం, అడిగింది. కానీ అక్కడ మీరు తీసుకున్నది పదవి. మళ్లీ వెళ్లాలనిపిస్తే పని తీసుకోండి, పదవి వేరే వాళ్లకు వదిలెయ్యండి.

కాబట్టి మీకు వ్యాపకం చెప్పను. వ్యాపకాలు మీ ఇంట్లో ఇప్పటికే గుడ్డ కప్పి ఉన్నాయి. మీరు రాకపోతే ఎవరికో ఒకరికి ఇబ్బంది కలిగే చిన్న పని ఏది, దాన్ని ఏ కొలతలో మొదలుపెట్టాలి అనేదే చూద్దాం. దానికి ముందు ఒంటి సంగతి.

మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి విటమిన్ బి12 తగ్గుతుంది. తగ్గితే నీరసం, అరికాళ్లలో తిమ్మిరి, మతిమరుపు, దిగులు కూడా రావచ్చు. మీది తొమ్మిదేళ్లు. బి12తోపాటు థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, కిడ్నీలకు క్రియాటినిన్, విటమిన్ డి చూపించుకోండి. ఇంకొకటి మీ ఆవిడనే అడగాలి: మీరు గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉలిక్కిపడుతున్నారా? బరువు పెరిగి, పగలు మత్తుగా ఉండే మనిషికి ఇది తప్పక అడగవలసిన ప్రశ్న. అదే ఉంటే ఎన్ని టైంటేబుళ్లు వేసుకున్నా పగటి మత్తు పోదు. దానికి పరీక్ష వేరు, వైద్యం వేరు.

పాటలు వినబుద్ధి కావడం లేదన్నారు, ఎవరికీ పనికిరానన్నారు. ఈ రెండు మాటలనూ తేలిగ్గా తీసుకోలేను. రెండు వారాలుగా, చాలా రోజులు, దేని మీదా ఆసక్తి లేకపోవడమో, మనసంతా దిగులుగా ఉండటమో ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. షుగరు ఉన్నవాళ్లలో అది ఎక్కువ, పెద్ద వయసులో ఏడుపుగా కాక ఇలా కదలకపోవడంగా కనపడటమూ మామూలే. మీ షుగరు డాక్టరుకే ఈ రెండు మాటలూ యథాతథంగా చెప్పండి. ఆయన దగ్గర మొహమాటమైతే టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యొచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. బతికి ఏం లాభం అన్న ఆలోచన ఎప్పుడైనా తగిలితే ఈ సమాధానం పక్కన పెట్టి అదే గంటలో ఆ నంబరుకు ఫోన్ చేయండి, ఇంట్లో వాళ్లకూ చెప్పండి.

ఇక మందు అవసరమైనా కాకపోయినా పనికొచ్చే పద్ధతి ఒకటుంది. అమెరికా సైకాలజిస్టు పీటర్ లెవిన్‌సన్ 1970లలో దీనికి పునాది వేశారు. బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. పేరు పెద్దది, సంగతి చిన్నది. బుద్ధి పుట్టాక పని చేద్దామని కూర్చుంటే బుద్ధి పుట్టదు. పని మానేసినకొద్దీ మనసుకు అందే చిన్నచిన్న తృప్తులు తగ్గుతాయి, అవి తగ్గినకొద్దీ పని మీదికి మనసు పోదు. ఈ గానుగ ఆగాలంటే మనసు ఎలా ఉన్నా సరే, ముందు అనుకున్న చిన్న పని ముందు అనుకున్న వేళకు చేసెయ్యాలి. మనసు వెనకాల వస్తుంది, కొన్నాళ్లు రాకపోవచ్చు కూడా. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన డిప్రెషన్ రోగులకు ఈ పద్ధతినే నేర్పారు. నేర్పినవాళ్లు మానసిక వైద్యులు కారు, శిక్షణ పొందిన మామూలు మనుషులు. ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చోబెట్టి మాట్లాడారు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లకంటే వీళ్లు బాగా తేరుకున్నారని 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది.

మొదటి వారం మీరు ఏమీ మార్చొద్దు. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకోండి. మీకు రిజిస్టరు రాయడం నేర్పక్కర్లేదు. నాలుగు గడులు: వేళ, చేసింది, పని అయిందన్న తృప్తి పదికి ఎంత, సంతోషం పదికి ఎంత. లేచిన గంట నుంచి పడుకునేదాకా గంటకో వరుస. రెండు మూడు గంటలకోసారి రాసెయ్యండి. రాత్రి కూర్చుని రోజంతా ఒకేసారి రాస్తే అన్నీ సున్నాలే పడతాయి, ఎందుకంటే దిగులుగా ఉన్న మనిషికి మధ్యాహ్నం నవ్విన సంగతి రాత్రికి గుర్తుండదు. వారం చివర చూస్తే ఒకట్లు, రెండ్ల మధ్య ఎక్కడో రెండు మూడు వరుసలకు నాలుగో ఐదో పడి ఉంటుంది. పక్కింటావిడ కరెంటు బిల్లు ఫోనులో కట్టిపెట్టడం కావచ్చు, పాలబ్బాయితో ఐదు నిమిషాలు మాట్లాడటం కావచ్చు. రెండున్నర గంటల టీవీ చర్చకు ఎంత వేశారో కూడా చూసుకోండి. ఆ నాలుగులూ ఐదులూ ఏ పనికి పడ్డాయో అక్కడినుంచి కదలాలి.

రెండో వారం నుంచి ఒక పని. మీ ఉత్తరంలోనే అది ఉంది: వంటిల్లు. సిగ్గు తగిలిన చోటే మొదలుపెట్టమనడం మిమ్మల్ని దండించడానికి కాదు. మీ ఇంట్లో రోజూ వేళకు ఎదురుచూసే మనిషి ఒకరున్నారు, ఆకలి వేళ తప్పదు, పని గంటలో ముగుస్తుంది, చేసింది కళ్లముందు కంచంలో కనపడుతుంది. ఇన్ని గుణాలున్న పని బయట దొరకడం కష్టం. పైగా మీరు రిటైరయ్యారు, ఆవిడ అవ్వలేదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో సమయ వినియోగ సర్వే చేసింది. జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే పెడుతున్నారని తేలింది. ఆ పనికి చెయ్యి వేసే మగవాళ్ల సగటు 97 నిమిషాలు.

ముందు ఆవిడతో మాట్లాడండి. "నీకు సాయం చేస్తాను" అనకండి. సాయం అంటే బాధ్యత ఆవిడదే, మీరు అతిథి. "సోమవారం, గురువారం పొద్దున టిఫిను నాది" అనండి. నాది అంటే పప్పు నానబెట్టడం దగ్గర్నుంచి పెనం కడిగి, పొయ్యి గట్టు తుడిచేదాకా. మగవాళ్లు వంటింట్లోకి వస్తే రెట్టింపు పని అని ఆడవాళ్లు ఎందుకంటారంటే, అట్టు మనం వేసి గిన్నెలు వాళ్లకు వదులుతాం, మధ్యలో పదిసార్లు జీలకర్ర ఎక్కడ అని కేకేస్తాం. కాబట్టి మొదటి ఆదివారం ఒక గంట ఆవిడను పక్కన నిలబెట్టుకుని డబ్బాలన్నీ చూసి, ఏది ఎక్కడో మీ నోట్‌బుక్‌లో బొమ్మ గీసుకోండి. తర్వాత అడగకూడదు. ఆవిడ వద్దంటే, లేదా మీ పని చూసి చూడలేక చేతిలో గరిటె లాక్కుంటే, వాదించకుండా రెండు వారాలు కూరగాయల బజారు, గిన్నెలు తీసుకోండి. తర్వాత మళ్లీ అడగండి. వంటిల్లు ఆవిడ ఏలుబడి, గౌరవంగా అడిగి తీసుకోవలసిందే.

మీకు షుగరుంది కాబట్టి మొదటి టిఫిను పెసరట్టు. ఇద్దరికి ఒక గ్లాసు పొట్టు పెసలు చాలు. రాత్రి భోజనం కాగానే కడిగి, మూడు గ్లాసుల నీళ్లు పోసి నానబెట్టాలి. పొద్దున ఆ నీళ్లు వంపి, అంగుళం అల్లం ముక్క, మూడు పచ్చిమిరపకాయలు, అర చెంచా జీలకర్ర, ఉప్పు వేసి మిక్సీ పట్టండి. నీళ్లు ఒకేసారి పొయ్యొద్దు, రెండేసి చెంచాలు పోస్తూ తిప్పండి. పిండి గరిటె నుంచి జారాలి, కారకూడదు. కొత్తవాళ్లకు దెబ్బ తగిలేది పెనం దగ్గర. పెనం మరీ కాలితే పిండి పరుచుకోకుండా ముద్దై గరిటెకు అంటుకుని పైకి లేస్తుంది. చాలకపోతే అడుగంటుతుంది. నాలుగు చుక్కల నీళ్లు చిలకరిస్తే చుయ్‌మని ఆవిరైపోవాలి. అప్పుడు మంట తగ్గించి, నూనెలో ముంచిన సగం ఉల్లిపాయతో పెనం రుద్ది, పిండి మధ్యలో పోసి గరిటె అడుగుతో లోపలి నుంచి బయటికి తిప్పండి. పరిచాక మంట పెంచండి. అంచులు వాటంతట అవే లేచేదాకా అట్లకాడ పెట్టొద్దు. మొదటి అట్టు చెడితే మీరు తినండి, రెండోది ఆవిడకు వడ్డించండి. అల్లం పచ్చడి బెల్లంతో ఉంటుంది, మీరు నాలిక్కి రాసుకునేంతే.

నాలుగో వారానికి ఇడ్లీకి వెళ్లండి, మీకు అర ప్లేటు చాలు. ఇడ్లీ ఎందుకంటే దాని వేళలు మీ రోజును పట్టి కూర్చోబెడతాయి. ఒక గ్లాసు మినపగుళ్లు మధ్యాహ్నం పన్నెండుకు నానాలి. నాలుగింటికి రుబ్బాలి. రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కడిగి, నీళ్లు గట్టిగా పిండి, ఆ పిండిలో కలిపి, గిన్నెలో మూడో వంతు ఖాళీ వదిలి మూతపెట్టాలి. లేకపోతే ఎండాకాలంలో పొద్దున్నే గట్టంతా పిండే. మూతతీస్తే పుల్లటి వాసన, పైన బుడగలు కనపడాలి. ఆవిరి మీద పది పన్నెండు నిమిషాలు. రవ్వ సరిగ్గా పిండకపోతే ఇడ్లీ చప్పిడిగా పరుచుకుపోతుంది, మినపపిండి వేడెక్కేదాకా రుబ్బితే గట్టిపడుతుంది, అందుకే చల్లటి నీళ్లు. నాలుగింటికి లేచి రుబ్బవలసిన మనిషి నాలుగున్నర దాకా పడుకోలేడు. మీ పగటినిద్రకు నేనిచ్చే ఔషధం అదే.

అన్నం సంగతి కూడా ఒకసారి రాసిపెట్టుకోండి: పాత బియ్యమైతే గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లు, కొత్త బియ్యమైతే రెండు, కుక్కర్లో మూడు కూతలు. ఈసారి ఆవిడకు జ్వరమొస్తే మీరు మంచం దగ్గరికి వెళ్లేది గంజి పట్టుకుని.

ఒక్క హెచ్చరిక. సూపరింటెండెంట్లు రిటైరయ్యాక ఇంటికి తనిఖీకి వస్తారు. నూనె నెలకు ఎన్ని లీటర్లు, ఫ్రిజ్‌లో ఈ చింతపండు ఎన్నాళ్లది, పనిమనిషి ఎన్నింటికి వచ్చింది. అలాంటి మాట నోటిదాకా వస్తే అక్కడే మింగెయ్యండి. మీకు దొరికింది రెండు పూటల టిఫిను, ఆడిట్ కాదు.

నిద్ర విషయం ఇంతకన్నా సూటిగా ఉంటుంది. లేచే వేళ ఒక్కటే పట్టుకోండి, రాత్రి ఎప్పుడు పట్టినా సరే ఆరింటికి లేవాలి. మొదటి నాలుగైదు రోజులు పగలు కళ్లు మూసుకుపోతాయి, ఆ నాలుగు రోజుల్లోనే అందరూ వదిలేస్తారు. మధ్యాహ్నం అరగంట కునుకు చాలు, అదీ మూడింటి లోపే, మంచం మీద కాదు, వాలుకుర్చీలో. ఫోను ఛార్జరును హాల్లోకి మార్చండి, పడగ్గదిలోకి మామూలు అలారం గడియారం కొనుక్కోండి. అర్ధరాత్రి మెలకువ వచ్చి ఇరవై నిమిషాలకు పట్టకపోతే లేచి హాల్లో చిన్న లైటు కింద కూర్చోండి, నిద్ర ముంచుకొచ్చాక వెళ్లండి. టీవీ మానమని నేననను. చర్చల్లో ఒకటి ఉంచుకోండి, రెండోదాని వేళకు భోజనం చేసి నడవండి.

నడకకు ఐదు కిలోమీటర్లు ఎవరు చెప్పారో గానీ తప్పు చెప్పారు. ఏడాది కూర్చున్న మనిషికి కండరం తగ్గి ఉంటుంది, బరువంతా మోకాలి మీద పడింది. ముందు ఇంట్లోనే పరీక్షించుకోండి. చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. మీ వయసు మగవాళ్లకు 14 కన్నా తగ్గితే కాళ్లలో బలం చాలదని అర్థం. అలాంటప్పుడు ఆ లేచి కూర్చోవడమే వ్యాయామం: రోజు విడిచి రోజు ఎనిమిదేసి చొప్పున రెండుసార్లు. నడక రాత్రి భోజనం కాగానే పది నిమిషాలు. తిన్న వెంటనే నడిస్తే ఎక్కే షుగరు కొంత తగ్గుతుంది. రెండు వారాలకు మధ్యాహ్న భోజనం తర్వాత మరో పది, తర్వాత టిఫిను కాగానే ఇంకో పది. ఏడు రోజులూ చేస్తే వారానికి 210 నిమిషాలు. కాస్త చురుగ్గా నడిస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగే కనీసం 150 దాటేసినట్టే. గ్లిమిపిరైడ్ వేసుకుని ఖాళీ కడుపుతో నడవొద్దు, షుగరు పడిపోతుంది. జేబులో నాలుగు గ్లూకోజ్ బిళ్లలు ఉంచుకోండి. చెమటపట్టి చేతులు వణికితే అక్కడే కూర్చుని నోట్లో వేసుకోండి. బరువు తగ్గుతున్నకొద్దీ బిళ్ల మోతాదు డాక్టరు మార్చవలసి రావచ్చు, మీరు మార్చొద్దు.

ఇంట్లో ఇది నెలరోజులు నిలిచాక బయటి పని. దారులు మూడు నాలుగున్నాయి, ఒక్కోదానికీ ఒక్కో ఖరీదు.

ఒకటి, మీకు చేతనైనదే. పింఛను కాగితాలు. మీ ఊళ్లో పింఛనుదారుల సంఘం ఆఫీసు ఉండే ఉంటుంది. భర్త పోయాక ఫ్యామిలీ పెన్షన్ కోసం వచ్చే ఆవిడకు ఆధార్‌లో ఒక పేరు, పింఛను మంజూరు ఉత్తర్వు పీపీఓలో ఒక పేరు ఉంటుంది. ఏ కాగితం ముందు సరిచేయించాలో మీకు తెలిసినంత ఆ వీధిలో ఎవరికీ తెలియదు. బతికున్నామని పింఛనుదారులు ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్లు ఇంకో పెద్ద పని. కేంద్ర పింఛనుదారులకు నవంబరు నెల, 80 దాటినవాళ్లకు అక్టోబరు నుంచే. పీఎఫ్ పింఛనువాళ్లు ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వొచ్చు, ఇచ్చిన రోజునుంచి ఏడాది చెల్లుతుంది. రాష్ట్ర పింఛనుదారులకు ట్రెజరీ చెప్పే గడువు వేరు, అది మీకు తెలిసిందే. పనులు చేసి అరిగిన వేళ్లకు బయోమెట్రిక్ పడదు, పాపం వాళ్లను మీసేవ చుట్టూ తిప్పుతారు. ఆ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్‌లో ముఖం చూపించి ఇచ్చే వీలుంది: మీ ఫోనులో ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ రెండు యాప్‌లూ వేసుకోవాలి. ఆధార్, పీపీఓ నంబరు, బ్యాంకు ఖాతా, మొబైలు వాళ్లు తేవాలి. వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టి, కళ్లజోడు తీయించి, కళ్లు ఆర్పమనాలి. వెనక కిటికీ ఉంటే ముఖం నల్లగా పడి ఫెయిలవుతుంది.

మంగళవారం, శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా అని బోర్డు పెట్టించండి. ఆ రోజు మీరు రాకపోతే ఎవరో ముసలావిడ ఆటో డబ్బులు పెట్టుకుని వచ్చి తిరిగిపోతుంది. మీకు కావలసిన ఒత్తిడి సరిగ్గా అంతే. మనిషి ఎదురుగా లేకుండా పాస్‌బుక్కులు, ఓటీపీలు తీసుకోవద్దు, టీ డబ్బులు కూడా ముట్టొద్దు. సంఘంలో వర్గాలుంటాయి, ఎన్నికలప్పుడు మిమ్మల్ని నిలబడమంటారు. వద్దనండి. ఇంకో ప్రమాదం మీలోనే ఉంది: బల్ల అవతల కూర్చోగానే "రేపు రండి" అన్నమాట నోట్లోంచి వచ్చేస్తుంది.

రెండు, సగంపూట ఉద్యోగం. రైసు మిల్లులు, ప్రైవేటు కాలేజీల ఆఫీసులు అనుభవమున్నవాళ్లకోసం చూస్తాయి. వేళ ఉంటుంది, జీతం చిన్నదే అయినా చేతికొస్తుంది. కానీ ముప్పై ఏళ్ల యజమాని "ఏమండీ, ఇంకా కాలేదా" అంటే పడాలి, సగంపూటగా చేరింది మూడో నెలకు నిండు పూటగా మారుతుంది. వేళలు ముందే కాగితం మీద రాయించుకోండి.

మూడు, దగ్గర్లోని బడిలో సాయంత్రం లెక్కలు చెప్పడం. హెడ్‌మాస్టరు ఒప్పుకోవాలి, పిల్లలు మొదటి వారం ఇరవైమంది వచ్చి మూడో వారానికి ఐదుగురు మిగులుతారు. ఆ ఐదుగురినే పట్టుకోవాలి. ఓపిక లేనివాళ్లకు ఇది సరిపడదు, మీకుందో లేదో మీకే తెలుసు.

డాలస్ ప్రయాణం గురించి ఉత్తరం చివర ఒక వాక్యం రాశారు, అమ్మాయి ఆరు నెలలు రమ్మంటోందని. వెళ్లండి, కానీ ఇప్పుడు కాదు. అక్కడ చాలా చోట్ల కారు లేనిదే పాల ప్యాకెట్టు రాదు, పగలంతా ఇంట్లో ఇద్దరే ఉంటారు. ఇక్కడి కుర్చీ అక్కడికి వెళ్తుంది, అంతే. చేతిలో రెండు టిఫిన్లు, కాళ్లలో బలం వచ్చాక వెళ్తే అమ్మాయికీ మీరు చుట్టం కారు.

మేడ మీది మొక్కలు మళ్లీ పెట్టాలనుంటే తొలకరి పడ్డాక నాలుగు సంచులే. ఒకవంతు మట్టి, ఒకవంతు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఒకవంతు వర్మీ కంపోస్టు. తోటకూర నెలరోజుల్లో కోతకొస్తుంది, బచ్చలి కాడ గుచ్చితే చాలు. మార్చి ఎండలో 25 సంచులకు రోజుకు రెండుసార్లు నీళ్లు మొయ్యడం ముప్పై ఏళ్లవాడికే కష్టం.

ఏదో ఒక వారం ఇదంతా చెడుతుంది. చుట్టాలొస్తారు, జలుబు చేస్తుంది, నాలుగు రోజులు నోట్‌బుక్ తెరవరు. అప్పుడు మీ పాత అలవాటు ఏమిటంటే వదిలేసిందంతా ఒకేసారి పూడ్చాలని మళ్లీ ఐదు కిలోమీటర్లు నడవడం. ఆ పని చెయ్యొద్దు. తప్పిన రోజుల గడులు ఖాళీగా వదిలి, ఆ వారానికి రాసి ఉన్నవాటిలో అన్నిటికంటే చిన్నది ఒక్కటి చెయ్యండి. రాత్రి పది నిమిషాల నడక చాలు. ఆరు వారాలకు నోట్‌బుక్‌లో అంకెలు కదలకపోతే, పాటలు ఇంకా చేదుగానే ఉంటే, ఆ పుస్తకమే పట్టుకుని మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లండి. గంటసేపు చెప్పలేనిది అందులో కనపడుతుంది.

రెండో వారం ఆదివారం రాత్రి పెసలు నానబెట్టాక ఆ మాట ఆవిడ చెవిన వేసి పడుకోండి. లేకపోతే మీరు ఆరింటికి లేచేసరికి పొయ్యి మీద ఉప్మా తయారుగా ఉంటుంది.